జుట్టు కోసం జింక్, తూలిన నడక: గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత మూడేళ్ళకు ఒక కేసు

పేషెంట్ 39 ఏళ్ళ మహిళ. నల్గొండ జిల్లాలో ప్రభుత్వ పాఠశాల టీచర్. శాకాహారి, గుడ్డు కూడా తినరు. మూడేళ్ళ క్రితం హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్న సంచీగా చేసి, ఆహారం దారి మళ్ళించే బరువు తగ్గే ఆపరేషన్) చేయించుకున్నారు. అప్పటి బరువు 109 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బీఎమ్‌ఐ దాదాపు 44. టైప్ 2 డయాబెటిస్‌కు ఆరేళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతుండేవారు. మా దగ్గరకు వచ్చేనాటికి బరువు 68 కిలోలు, షుగర్ మందులు లేవు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 5.5. సర్జరీ చేయాల్సిన పని చక్కగా చేసింది. ఈ కేసులో ఆపరేషన్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

నేను బేరియాట్రిక్ (బరువు తగ్గే ఆపరేషన్ల) టీమ్‌లో క్లినికల్ డైటీషియన్‌ని. మందులు రాసింది మా ఫిజీషియన్, న్యూరాలజిస్ట్. ఆమె ఏ మాత్ర ఎప్పుడు, దేనితో కలిపి వేసుకుంటున్నారో రాబట్టడం, తర్వాత ఆ మాత్రలకు టైమ్‌టేబుల్ వేయడం నా పని. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు మార్చాను.

ఏ ఇబ్బందితో వచ్చారు

ఎనిమిది నెలలుగా అరికాళ్ళలో తిమ్మిర్లు. మొదట వేళ్ళ దగ్గర మొదలై మడమల దాకా వచ్చాయి. చెప్పులు జారిపోయినా తెలియడం లేదు. నడుము, తుంటి ఎముకల్లో లోపలి నుంచి నొప్పి. మెట్లు ఎక్కితే ఆయాసం. నాలుక మంట.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టిన మాట ఆమె చివర్లో, పెద్దగా పట్టించుకోకుండా చెప్పారు. "పొద్దున ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసుకుంటే ముందుకు పడిపోతున్నట్టు అవుతుంది మేడమ్. అద్దం పక్కన గోడ పట్టుకొని కడుక్కుంటున్నా." కాళ్ళు ఎక్కడున్నాయో మెదడుకు చెప్పే నరాలు వెన్నుపాము వెనక భాగంలో పైకి వెళ్తాయి. అవి దెబ్బతింటే మనిషి కళ్ళతో చూసి నిలదొక్కుకుంటాడు. కళ్ళు మూసుకున్నా, కరెంటు పోయినా తూలిపోతాడు. ఆ మాట వినగానే న్యూరాలజిస్ట్‌కు ఫోన్ చేశాను. ఆయన అదే రోజు చూశారు. కళ్ళు మూసుకుని నిలబడితే తూలుతారేమో చూసే రోంబర్గ్ పరీక్ష పాజిటివ్. కాలి బొటనవేలిని పైకి కదిపారో కిందికి కదిపారో కళ్ళు మూసుకుని ఆమె చెప్పలేకపోయారు.

ఈ ఎనిమిది నెలల్లో ఆమె డాక్టర్ల దగ్గరకు వెళ్ళకపోలేదు. తిమ్మిర్లను పాత షుగర్ వల్ల నరాలు దెబ్బతిని వచ్చాయనుకున్నారు. ఎముకల నొప్పిని ఫ్లోరైడ్ ఖాతాలో వేశారు. నల్గొండలో దశాబ్దాలపాటు బోరు నీళ్ళతో జనం పడిన బాధ తెలిసినవారికి ఎముకల నొప్పి అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు రావడం సహజమే. నీరసానికి ఐరన్ మాత్ర ఇచ్చారు. ఒక్కొక్క లక్షణానికి ఒక్కొక్క కారణం దొరికింది కాబట్టి అన్నీ కలిపి చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నట్టు ఆమె తన ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. "వాకింగ్ చేసి తగ్గాను" అనే చెప్పారు. పొట్ట మీద లాప్రోస్కోపీ మచ్చలు పిత్తాశయం ఆపరేషన్‌వి అన్నారు. అక్కడి డాక్టరుకు కూడా అదే చెప్పారు. ఆమెను తప్పుపట్టలేను. లావుగా ఉన్నప్పుడు మాటలన్నవాళ్ళే, ఆపరేషన్ చేయించుకుని తగ్గితే "కష్టపడకుండా తగ్గింది" అంటారు. ఆ మాట పడలేకే చాలామంది ఆడవాళ్ళు దాస్తారు. అయితే చుట్టాల దగ్గర దాచినా డాక్టరు దగ్గర మాత్రం చెప్పాలి. మీ చిన్నపేగులో మొదటి భాగం ఆహారానికి దూరమైందన్న సంగతి తెలియకపోతే, మీకు రక్తం ఎందుకు తగ్గిందో ఎంత మంచి డాక్టరైనా సరిగ్గా ఊహించలేరు.

మాత్రల చరిత్ర

ఇలాంటి పేషెంట్‌ను "మాత్రలు వాడుతున్నారా?" అని అడిగితే "వాడుతున్నా" అన్న జవాబే వస్తుంది. ఆ జవాబుతో ఏమీ తెలియదు. అందుకే ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్, ప్రతి డబ్బా సంచీలో వేసి తెమ్మంటాను. ఆయుర్వేదం, హోమియో, ప్రోటీన్ పౌడర్, పక్కింటివాళ్ళు ఇచ్చినవి, అన్నీ.

ఆ సంచీలోంచి బయటపడిన కథ ఇది. సర్జరీ తర్వాత మొదటి ఆరు నెలలు ఆసుపత్రి ఇచ్చిన కిట్ మొత్తం శ్రద్ధగా వాడారు: బేరియాట్రిక్ మల్టీవిటమిన్, కాల్షియం సిట్రేట్, బీ12. నెలకు రెండు వేలు దాటేది. ఇన్సూరెన్స్ సర్జరీకి డబ్బు ఇచ్చింది, ఆ తర్వాత నెలనెలా కొనాల్సిన వాటికి ఇవ్వలేదు. షుగర్ నార్మల్‌కు వచ్చింది, బరువు తగ్గింది, ఒంట్లో హుషారు వచ్చింది. ఇక అవసరం లేదనుకుని మల్టీవిటమిన్, బీ12 ఆపేశారు. కాల్షియం సిట్రేట్ బదులు మెడికల్ షాపులో చవగ్గా దొరికిన కాల్షియం కార్బనేట్ రోజుకు ఒకటి మొదలుపెట్టారు.

నాలుగో నెల నుంచి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడటం మొదలైంది. సర్జరీ తర్వాత మూడో నెల నుంచి ఆరో నెల మధ్య ఇది చాలామంది చూసేదే. వేగంగా బరువు తగ్గే ఒత్తిడికి జుట్టు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్ళి రాలుతుంది. కొన్ని నెలల్లో చాలావరకు తిరిగి వస్తుంది. కానీ తల దువ్వుకున్నప్పుడల్లా దువ్వెన నిండా జుట్టు చూసేవారికి ఆ మాటతో టెన్షన్ తగ్గదు. తోటి టీచర్ చెప్పారని 50 మిల్లీగ్రాముల జింక్ మాత్ర, 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్ర మొదలుపెట్టారు. జుట్టు మళ్ళీ వచ్చింది. అది తనంతట వచ్చేదే. ఘనత మాత్రం జింక్‌కు దక్కింది. ఆ జింక్ రెండున్నరేళ్ళు ఆపలేదు, జుట్టు కాస్త ఊడినట్టు అనిపించిన రోజుల్లో రెండేసి వేసుకున్నారు. సంచీలో ఎప్పుడూ నిండుకోని డబ్బా అదొక్కటే.

ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రను మధ్యాహ్నం భోజనం కాగానే కాల్షియంతో కలిపి మింగేవారు, వెంటనే స్టాఫ్ రూమ్‌లో టీ. గ్యాస్ అనిపిస్తోందని యాసిడ్ తగ్గించే ప్యాంటోప్రజోల్ రోజూ పరగడుపున. ఇది ఎవరూ రాసివ్వలేదు, షాపులో అడిగి తెచ్చుకున్నారు.

రిపోర్టులు

ఆమె వెంట తెచ్చిన పాత రిపోర్టులో, అంటే రెండు నెలల ముందు, బీ12 402 ఉంది. చూడటానికి నార్మల్. కానీ ఆ పరీక్షకు రక్తం ఇచ్చిన రోజు కూడా బయోటిన్ వేసుకున్నారు. చాలా ల్యాబుల్లో విటమిన్, హార్మోన్ పరీక్షల యంత్రాలు బయోటిన్‌ను అతికే పదార్థంగా వాడే పద్ధతి మీద పనిచేస్తాయి. రక్తంలో బయోటిన్ మరీ ఎక్కువగా ఉంటే కొన్ని ఫలితాలు ఉన్నదానికన్నా ఎక్కువగా, కొన్ని తక్కువగా వస్తాయి. బీ12 ఎక్కువగా కనిపించవచ్చు. పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) తక్కువగా కనిపించవచ్చు. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. జుట్టు, గోళ్ళ కోసం బయోటిన్ వాడేవాళ్ళు రక్త పరీక్షకు ముందు ఆ సంగతి ల్యాబ్‌కూ డాక్టరుకూ చెప్పాలి.

రక్తకణాల లెక్క, కాపర్, జింక్ పరీక్షలకు మొదటిరోజే రక్తం తీశాం. మిగతావి బయోటిన్ మూడు రోజులు ఆపించి తీశాం. ఈలోగా థయామిన్ (విటమిన్ బీ1) మొదలుపెట్టాం.

హిమోగ్లోబిన్ 9.1. ఎర్రకణాల సైజు నార్మల్‌గా ఉంది, కానీ కణాల సైజుల్లో తేడా ఎంత ఉందో చెప్పే ఆర్‌డీడబ్ల్యూ 19, ఎక్కువే. తెల్లకణాలు 2,700, అందులో న్యూట్రోఫిల్స్ 900 మాత్రమే. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 7 మాత్రమే. బీ12 ఈసారి 168. ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్) యంత్రం కొలవగలిగిన దానికన్నా ఎక్కువ. విటమిన్ డీ 14. కాల్షియం నార్మల్, పీటీహెచ్ 142. ల్యాబ్ గరిష్ఠ పరిమితి 65. రక్తంలోని ప్రోటీన్ ఆల్బుమిన్ 3.5. వారం తర్వాత మిగిలిన రెండూ వచ్చాయి: జింక్ 138, కాపర్ 22. కాపర్ కనీసం 80 దాకా ఉండాలి.

మెడ ఎమ్‌ఆర్‌ఐలో వెన్నుపాము వెనక భాగం మెరుస్తూ కనిపించింది. బీ12 లోపంలోనూ కాపర్ లోపంలోనూ బొమ్మ ఒకేలా ఉంటుంది, దాన్ని చూసి ఏది కారణమో చెప్పలేం. ముంజేయి ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్‌లో కనిపించే సున్నపు పొరలు లేవు. డెక్సా స్కాన్‌లో ఎముక గట్టిదనం తగ్గింది. ఫ్లోరైడ్ వ్యాధిలో ఎముక పైకి మరింత దట్టంగా కనిపిస్తుంది, ఇక్కడ అందుకు పూర్తి వ్యతిరేకం.

ఈ అంకెలు ఏం చెబుతున్నాయి

గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని దాదాపు 30 మిల్లీలీటర్ల చిన్న సంచీగా విడదీసి, చిన్నపేగు మధ్యభాగానికి కలుపుతారు. ఆహారం చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినమ్‌ను, దాని తర్వాతి కొంత భాగాన్ని తాకకుండా కిందికి వెళ్ళిపోతుంది. ఐరన్, కాల్షియం, కాపర్, జింక్ ఎక్కువగా ఒంటపట్టేది ఆ వదిలేసిన భాగంలోనే. చిన్న సంచీలో యాసిడ్ నామమాత్రం. ఆహారంలోని బీ12 విడిపడటానికి యాసిడ్ కావాలి, పేగు చివర్లో ఒంటపట్టడానికి జీర్ణాశయం తయారుచేసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ కావాలి. రెండూ తగ్గిపోయాయి. దానిమీద ప్యాంటోప్రజోల్ వేసుకుంటే ఉన్న ఆ కాస్త యాసిడ్ కూడా పోయింది. కాల్షియం కార్బనేట్ కరగడానికి కూడా యాసిడే కావాలి. అందుకే బైపాస్ తర్వాత మేము సిట్రేట్ అడుగుతాం.

బీ12 విషయంలో ఆమె సర్జరీకి ముందే వెనకబడి ఉన్నారు. శాకాహారం ఒకటి, ఆరేళ్ళ మెట్‌ఫార్మిన్ ఇంకొకటి. లివర్‌లో నిల్వ ఉండే బీ12 మామూలుగా కొన్నేళ్ళు వస్తుంది. అందుకే మాత్ర ఆపిన ఏడాదిలో ఏమీ తెలియదు. ఏమీ కాలేదు కాబట్టి అవసరం లేదనిపిస్తుంది. మూడో ఏట నిల్వ అయిపోతుంది. ఈలోగా ఫోలిక్ యాసిడ్ దండిగా అందడంతో ఎర్రకణాలు పెద్దవిగా మారడం అనే హెచ్చరిక కనిపించలేదు, మరోవైపు ఐరన్ లోపం వాటిని చిన్నవి చేసింది. రెండూ కలిసి సైజు నార్మల్. ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని కాస్త చక్కదిద్దగలదు గానీ నరాలను కాపాడలేదు.

న్యూట్రోఫిల్స్ అంతలా పడిపోవడమే మాకు కాపర్ వైపు దారి చూపింది. బీ12 లోపంలోనూ తెల్లకణాలు తగ్గుతాయి, నిజమే. కానీ సంచీలో జింక్ డబ్బా చూశాక కాపర్ అడగకుండా ఉండటం కుదరదు. జింక్ ఎక్కువగా అందితే పేగు కణాల్లో మెటలోథయోనీన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. అది జింక్ కంటే కాపర్‌ను గట్టిగా పట్టుకుంటుంది. కొన్ని రోజుల్లో ఆ పేగు కణం రాలిపోతుంది, పట్టుకున్న కాపర్ మలంతో పాటు బయటకు పోతుంది. విల్సన్ వ్యాధిలో ఒంట్లో పేరుకున్న రాగి తగ్గించడానికి డాక్టర్లు కావాలనే ఈ గుణాన్ని వాడుకుంటారు: 50 మిల్లీగ్రాముల జింక్, రోజుకు మూడుసార్లు. ఈమెకు ఒంట్లో రాగి ఎక్కువ లేదు, రాగి ఒంటపట్టే పేగు భాగం వాడుకలో లేదు. అలాంటి మనిషి అదే 50 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు ఒకటి, కొన్ని రోజుల్లో రెండు చొప్పున రెండున్నరేళ్ళు వేసుకున్నారు.

కాల్షియం నార్మల్‌గా ఉందన్న మాట కూడా ఇక్కడ మోసమే. తిన్నది ఒంటపట్టకపోతే పారాథైరాయిడ్ గ్రంథులు పీటీహెచ్ పెంచి ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో నార్మల్‌గా ఉంచుతాయి. రిపోర్టు బాగుంటుంది, ఎముక అరుగుతుంది. అందుకే బైపాస్ పేషెంట్లకు కాల్షియం ఒక్కటే చూసి వదిలేయకూడదు. పక్కన పీటీహెచ్, విటమిన్ డీ ఉండాలి.

ఆమె అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. "మంచిగనే ఉన్నా కదా మేడమ్ రెండేళ్ళు, మరి ఇప్పుడే ఎందుకు?" ఒక్కో పోషకానికి ఒంట్లో ఒక్కో నిల్వ ఉంటుందని చెప్పాను. థయామిన్ రెండు మూడు వారాలు, ఐరన్ నెలలు, బీ12 ఏళ్ళు. బాగున్నామన్న అనుభూతి ఆ నిల్వ ఉన్నంతవరకే.

థయామిన్ గురించి ఇక్కడే ఒక మాట. ఆమెకు వాంతులు లేవు, ఆ ప్రమాదం తప్పింది. సర్జరీ అయిన తొలి నెలల్లో వాంతులు ఆగకపోతే మాత్రం అది ఎమర్జెన్సీ, స్లీవ్ (జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని కోసి తీసేసే ఆపరేషన్) చేయించుకున్నవారికి కూడా. మన ఊళ్ళల్లో వాంతులు, నీరసం అనగానే గ్లూకోజ్ బాటిల్ ఎక్కించే అలవాటు ఉంది. థయామిన్ అడుగంటిన ఒంట్లోకి ముందు గ్లూకోజ్ పంపితే మిగిలిన కాస్త కూడా ఖర్చయిపోయి, కళ్ళు తిరగడం, చూపు చెదరడం, తికమక, నడక పడిపోవడం దాకా వెళ్ళవచ్చు. వెర్నికీస్ ఎన్‌సెఫలోపతి అంటారు. థయామిన్ ఇంజెక్షన్ ముందు, గ్లూకోజ్ తర్వాత. మా పేషెంట్ల ఫైల్ మొదటి పేజీలో ఈ వాక్యం తెలుగులో పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది ఊళ్ళో సెలైన్ పెట్టే మనిషి కళ్ళబడాలని.

చికిత్స

జింక్, బయోటిన్, ప్యాంటోప్రజోల్ ఆపించాం. ప్యాంటోప్రజోల్ ఆపే ముందు ఎండోస్కోపీలో పుండు లేదని చూసుకున్నాం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా వాడకూడదని చెప్పాం, బైపాస్ అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఎక్కువ.

అడ్మిట్ చేసి ఆరు రోజులు రోజుకు 2 మిల్లీగ్రాముల కాపర్ సెలైన్‌తో ఇచ్చారు. తర్వాత నోటి ద్వారా. కాపర్ మాత్ర ఒక్కటే విడిగా మామూలు షాపులో దొరకడం కష్టం. ఆసుపత్రి ఫార్మసీ ద్వారా తెప్పించాం. ఆమె అత్తగారు "రాగి చెంబులో నీళ్ళు పోసి తాగితే సరిపోదామ్మా?" అని అడిగారు. మంచి ప్రశ్న, చాలామంది అడుగుతారు. చెంబులోంచి నీళ్ళలోకి ఎంత రాగి దిగుతుందో నీటి గుణాన్ని బట్టి, ఎంతసేపు ఉంచామన్న దాన్ని బట్టి మారుతుంది. నరాలు దెబ్బతిన్న మనిషికి ఇంత అని కొలిచి ఇవ్వాల్సిన మందు అది. అలవాటుగా తాగుతుంటే తాగండి, మందు లెక్కలో మాత్రం వేయకండి అన్నాను.

బీ12 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ వారం రోజులు రోజూ, తర్వాత రోజు విడిచి రోజు, మెరుగుదల నిలకడగా వచ్చాక నెలకోసారి. ఐరన్ నరం ద్వారానే ఎక్కించాలని తేలిపోయింది. కార్బాక్సీమాల్టోజ్ రకం అయితే ఒకటి రెండు సిట్టింగుల్లో అయిపోయేది. కానీ అది రక్తంలో ఫాస్ఫరస్‌ను తగ్గించగలదు, విటమిన్ డీ లేక పీటీహెచ్ ఎగిసిన ఈ ఎముకలకు అది ఇంకో దెబ్బ. అందుకే ఫిజీషియన్ ఐరన్ సుక్రోజ్ ఎంచుకున్నారు, 200 మిల్లీగ్రాముల చొప్పున ఐదుసార్లు. నల్గొండ నుంచి అన్నిసార్లు రావడం ఆమెకు కష్టమే. సర్జరీ సంగతి అక్కడి డాక్టరుకు చెప్పడానికి ఆమె ఒప్పుకున్నది అప్పుడే. చివరి మూడు డోసులు వాళ్ళ ఊరి దగ్గర్లోనే ఇప్పించగలిగాం. విటమిన్ డీ 60,000 యూనిట్లు వారానికొకటి ఎనిమిది వారాలు, ఆ తర్వాత రోజూ 3,000 యూనిట్లు.

టైమ్‌టేబుల్

ఈ కేసులో నాకు ఎక్కువ సమయం పట్టింది దీనికే. ఏ మాత్ర ఎంత అన్నది అమెరికన్ సొసైటీ ఫర్ మెటబాలిక్ అండ్ బేరియాట్రిక్ సర్జరీ సూచనల్లో ఉంది. నెలసరి వచ్చే స్త్రీకి, బైపాస్ అయినవారికి అసలు (ఎలిమెంటల్) ఐరన్ రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాములు, కాల్షియం 1200 నుంచి 1500, కాపర్ 2 మిల్లీగ్రాములు, జింక్ 8 నుంచి 22, థయామిన్ కనీసం 12, నోటి ద్వారా అయితే బీ12 350 నుంచి 1000 మైక్రోగ్రాములు. ప్రతి 8 నుంచి 15 మిల్లీగ్రాముల జింక్‌కు 1 మిల్లీగ్రాము కాపర్ జతగా ఉండాలి. ఇవన్నీ ఒకదాన్నొకటి అడ్డుకోకుండా ఒక టీచర్ రోజులో ఎక్కడ పెట్టాలన్నది ఏ సూచనల్లోనూ ఉండదు.

ఐరన్, కాల్షియం మధ్య కనీసం రెండు గంటలు. కాల్షియం ఒకేసారి 500, 600 మిల్లీగ్రాములకు మించి వేసుకుంటే మిగతాది వృథా, కాబట్టి మూడుసార్లు. టీ ఐరన్‌ను అడ్డుకుంటుంది, ఆమె ఉదయం లేవగానే టీ తాగకుండా ఉండలేరు. అందుకే లేవగానే ఆరింటికి ఐరన్, నిమ్మరసం పిండిన నీళ్ళతో, టీ ఏడున్నరకు. మొదట్లో ఇది ఆమెకు పెద్ద శిక్షలా అనిపించింది, రెండు వారాల్లో సర్దుకున్నారు. ఎనిమిదింటికి పెసరట్టో ఇడ్లీనో తిన్నాక కాపర్, జింక్ తగిన పాళ్ళలో ఉన్న మల్టీవిటమిన్. మొదటి కాల్షియం సిట్రేట్ స్కూల్లో పదకొండింటి ఇంటర్వెల్‌లో. రెండోది నాలుగున్నరకు బడి వదిలాక. మూడోది రాత్రి భోజనం తర్వాత, విటమిన్ డీతో కలిపి.

ఇంటర్వెల్ మాత్ర దగ్గర చిక్కు వచ్చింది. స్టాఫ్ రూమ్‌లో అందరి ముందు మాత్ర తీస్తే "ఏమైంది?" అంటారు. ఆపరేషన్ గురించి చెప్పాల్సి వస్తుందేమోనని భయం. "ఎముకలు బలహీనంగా ఉన్నాయని డాక్టర్ కాల్షియం రాశారు అని చెప్పండి టీచర్‌గారూ, అది అక్షరాలా నిజమే కదా" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆ మాత్ర నిలబడింది. పేషెంట్ మాత్ర మానేయడానికి కారణం ఖర్చో, మరపో, కడుపులో మంటో అనుకుంటాం. ఎదుటివాళ్ళ చూపు కూడా ఒక కారణమని ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది.

డబ్బా మీద అంకె చదవడం కూడా నేర్పించాల్సి వచ్చింది. "కాల్షియం కార్బనేట్ 1250 మి.గ్రా." అని ఉంటే అందులో అసలు కాల్షియం 500. "కాల్షియం సిట్రేట్ 1000 మి.గ్రా." అని ఉంటే అసలు కాల్షియం 210 మాత్రమే. సిట్రేట్ వాడుతున్నామని ధీమాగా ఉండి, కావాల్సిన దానిలో సగం కూడా అందనివాళ్ళు ఎందరో ఉన్నారు. వెనక చిన్న అక్షరాల్లో "ఎలిమెంటల్ కాల్షియం" అన్న దగ్గర ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. నమిలే జెల్లీ విటమిన్లు చాలావాటిలో ఐరన్ ఉండదు, కొన్నింటిలో థయామిన్, కాపర్ కూడా ఉండవు. పిల్లలకు బాగుంటాయేమో, బైపాస్ అయినవారికి సరిపోవు.

జింక్ మానడానికి ఆమె తేలిగ్గా ఒప్పుకోలేదు. మళ్ళీ జుట్టు ఊడుతుందన్న భయం. జుట్టుకు కావాల్సినవి, ఆమెలో తక్కువగా ఉన్నవి వేరే ఉన్నాయని రిపోర్టులోనే చూపించాను: ఫెరిటిన్ 7, ఆల్బుమిన్ 3.5. రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ లక్ష్యం పెట్టుకున్నాం. ఆమె తింటున్నది అందులో సగం. పెరుగు, పనీర్, మీల్‌మేకర్, మొలకెత్తిన పెసలు, ఒక పూట వే ప్రోటీన్. అన్నం ముందు కాకుండా పప్పు, కూర ముందు తినడం. కాపర్ కోసమని నువ్వుల పొడి, శనగలు చేర్చాం, మాత్రకు తోడుగా.

ఆ తర్వాత

ఆరు వారాలకు న్యూట్రోఫిల్స్ 2,400, కాపర్ 84. జింక్ ఆపిన వెంటనే దాని ప్రభావం పోదు, కొన్ని వారాలు పడుతుంది. అందుకే కాపర్ నార్మల్‌కు వచ్చాక కూడా కొంతకాలం కొనసాగించి, మెల్లగా మల్టీవిటమిన్‌లోని 2 మిల్లీగ్రాములకు తగ్గించాం. మూడు నెలలకు హిమోగ్లోబిన్ 11.8, ఫెరిటిన్ 96. నాలుక మంట, ఆయాసం అప్పటికే పోయాయి. పీటీహెచ్ మొండికేసింది. మూడు నెలలకు 98, ఆరు నెలలకు 71, ఏడాదికి 54. ఎముక నొప్పి కూడా అదే వేగంతో తగ్గింది.

నరాల సంగతి వేరు. రక్తం వారాల్లో కోలుకుంటుంది, నరాలు నెలలు తీసుకుంటాయి, కొంత మిగిలిపోతుంది. ఏడాదికి ఆమె కళ్ళు మూసుకుని నిలబడగలుగుతున్నారు, ఫిజియోథెరపీ బాగా పనిచేసింది. పాదాల్లో తిమ్మిరి మాత్రం వేళ్ళ వరకు ఉండిపోయింది. చీకట్లో మెట్లు దిగాలంటే ఇప్పటికీ రెయిలింగ్ పట్టుకుంటారు. లక్షణాలు మొదలై ఎనిమిది నెలలు గడిచాక చికిత్స అందింది. మొదటి రెండు నెలల్లోనే అంది ఉంటే ఇంకా బాగుండేదని న్యూరాలజిస్ట్ అభిప్రాయం. నాదీ అదే. ఆ ఆరు నెలలు తలచుకుంటే బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆమె నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు. రోజూ మాత్రలు మింగుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఆమె ఆరు నెలలకోసారి పరీక్షలు చేయించుకుంటున్నారు: రక్తకణాలు, ఫెరిటిన్, బీ12, విటమిన్ డీ, పీటీహెచ్, వాటితోపాటు కాపర్, జింక్. ఏ కొత్త మాత్ర వచ్చినా వేసుకునే ముందు లేబుల్ ఫోటో పంపుతారు.

పోయిన నెల పంపిన ఫోటో థైరాయిడ్ మాత్రది. టీఎస్‌హెచ్ పెరిగిందని ఊళ్ళో డాక్టరు రాశారు, సర్జరీ సంగతి తెలిసే రాశారు, బయోటిన్ వాడటం లేదని కూడా అడిగి తెలుసుకున్నారు. థైరాక్సిన్‌కు ఐరన్, కాల్షియం రెండింటితోనూ నాలుగు గంటల ఎడం కావాలి, కాబట్టి పాత టైమ్‌టేబుల్ పనికిరాదు. పరగడుపున ఐదున్నరకు థైరాక్సిన్, టీ ఆరున్నర దాటాక. ఐరన్‌ను రాత్రి పడుకునే ముందుకు జరిపాం. దాంతో మూడో కాల్షియం, విటమిన్ డీ ఏడున్నర భోజనానికి, ఐరన్ పదింటికి. మల్టీవిటమిన్‌లోనూ కొంత ఐరన్ ఉంది కాబట్టి దాన్ని మధ్యాహ్నం భోజనానికి మార్చాం. పదకొండింటి కాల్షియం అక్కడే ఉంది, థైరాక్సిన్‌కు ఐదున్నర గంటల దూరంలో. ఆరు వారాల తర్వాత టీఎస్‌హెచ్ చూస్తాం, ఫెరిటిన్ కూడా.